ప్రాంతీయ చిత్రశాలకు అవార్డులు, గుర్తింపు: దరఖాస్తు పెట్టేముందు ఏమేం సరిచూసుకోవాలి?

గోడమేకు
ఒక ప్రాంతీయ గ్యాలరీ. సొంత సేకరణ ఉంది. సిబ్బంది పట్టుమని పదిమంది లేరు. ఏటా కళాకారులకు ఒక ఓపెన్ పోటీ కూడా నడుపుతుంది. ఇలాంటి సంస్థ గుర్తింపుకీ అవార్డులకీ దరఖాస్తు పెట్టాలంటే ఏది ముందు, ఏది తర్వాత? మదింపుకి వచ్చేవాళ్లు అసలు ఏం చూస్తారు, ఎక్కడ కొట్టేస్తారు? బ్రోషర్ మాటలు వద్దు. పని తెలిసినవాళ్లు చెప్పండి.

చిట్టాపద్దు
ముందు మూడు రకాలను విడదీయండి. వీటిని కలగలిపేయడం వల్లే సగం శ్రమ వృథా అవుతుంది.

మొదటిది ప్రమాణాల గుర్తింపు, అంటే అక్రిడిటేషన్. ఇందులో పోటీ ఉండదు. నిర్ణీత ప్రమాణాలు అందుకుంటే ఇస్తారు, లేకపోతే ఫలానావి సరిచేసుకుని రమ్మంటారు. అమెరికాలో ఇది 1971 నుంచి ఉంది. బ్రిటన్‌లో 1988లో రిజిస్ట్రేషన్ పేరుతో మొదలై తర్వాత అక్రిడిటేషన్‌గా మారింది. రెండోది పోటీ అవార్డు. 1977లో మొదలైన యూరోపియన్ మ్యూజియం ఆఫ్ ది ఇయర్, బ్రిటన్‌లో ఆర్ట్ ఫండ్ అనే సేవాసంస్థ ఇచ్చే మ్యూజియం ఆఫ్ ది ఇయర్ ఈ కోవలోవి. మూడోది గ్యాలరీయే కళాకారులకు ఇచ్చే బహుమతి. బయటివాళ్లు గ్యాలరీ పరువును చాలావరకు ఈ మూడోదాన్ని బట్టే కొలుస్తారు, కానీ అన్నిటికంటే అశ్రద్ధ జరిగేదీ దీంట్లోనే.

వరస అడిగారు కాబట్టి: అక్రిడిటేషన్‌తోనే మొదలుపెట్టండి. దానికోసం తయారుచేసే కాగితాలే మిగతా రెండింటికీ ఆధారాలవుతాయి. పెద్ద సంస్థల నుంచి చిత్రాలు అరువు తెచ్చుకోవాలన్నా అవే అడుగుతారు.

సందర్శక్
వరసతో ఏకీభవిస్తాను గానీ ఒక మాట. పోటీ అవార్డుల జ్యూరీ రిజిస్టర్లు తిరగేయడానికి రాదు. 2020లో ఆర్ట్ ఫండ్ అవార్డును అయిదు సంస్థలకు సమానంగా పంచారు. లండన్‌లోని సైన్స్ మ్యూజియం పక్కనే స్కాట్లాండ్ మారుమూలనున్న గేర్‌లాక్ మ్యూజియం పేరు కూడా ఉంది. ప్రచ్ఛన్న యుద్ధం నాటి సైనిక బంకరును మార్చుకుని అక్కడివాళ్లు నడుపుతున్న చిన్న సంస్థ అది. 2021లో కోల్‌చెస్టర్‌లోని ఫస్ట్‌సైట్‌కి వచ్చింది. లాక్‌డౌన్‌లో కళాకారులతో ఇంట్లో చేసుకునే కళాభ్యాసాలు రాయించి, ఉచితంగా పంచిన గ్యాలరీ అది. జ్యూరీ చూసేది ఆ ఏడాదిలో మనుషుల మీద కనిపించిన మార్పు. సేకరణ సైజు కాదు.

చిట్టాపద్దు
కాదనను. కానీ ఆ మార్పు వచ్చిందని చూపించడానికి కూడా లెక్కలు కావాలిగా! దరఖాస్తు గడువుకి రెండు వారాల ముందు కూర్చుని ఏడాది లెక్కలు పుట్టించలేం.

సరే, సేకరణ రికార్డుల సంగతి చెబుతాను. బ్రిటన్ మ్యూజియంలు వాడే స్పెక్ట్రమ్ ప్రమాణంలో ప్రాథమికమైనవి తొమ్మిది పనులు: వస్తువు లోపలికి రావడం, సొంతం చేసుకుని రిజిస్టర్‌లో ఎక్కించడం, చోటు మార్పుల నమోదు, ఇన్వెంటరీ, కేటలాగు, వస్తువు బయటికి వెళ్లడం, అరువు తేవడం, అరువు ఇవ్వడం, ఈ రికార్డుల పని మొత్తానికి ఒక ప్రణాళిక. అక్కడ అక్రిడిటేషన్ కావాలంటే ఇవన్నీ ఉండాలి. వేరే దేశంలో ఉన్నా ఈ తొమ్మిదింటినీ చెక్‌లిస్టుగా పెట్టుకుంటే నష్టం లేదు.

మదింపు బృందం వచ్చేముందు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. రిజిస్టర్‌లోంచి యాదృచ్ఛికంగా 20 పద్దులు తీసి, ఆ వస్తువులు ఎక్కడున్నాయో వెతకండి. తర్వాత స్టోర్‌లోంచి 20 వస్తువులు తీసి, వాటి పద్దు రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. రెండు దిక్కుల నుంచీ చేయాలి. మొదటి పరీక్షలో పోయినవి తెలుస్తాయి, రెండోదాంట్లో పద్దు లేని అనాథలు బయటపడతాయి. మొదటిది మాత్రమే చేసి అంతా బాగుందనుకునే గ్యాలరీలే ఎక్కువ.

తరచూ దొరికే లోపాలు: నంబరు ఫ్రేమ్ మీద మాత్రమే ఉండటం (ఫ్రేమ్ మారిస్తే నంబరూ దాంతోపాటే పోతుంది). ఒకే నంబరు రెండిటికి పడటం. ‘శాశ్వత అరువు’ అని రాసి గడువు, సంతకం, యజమాని వివరం ఏవీ లేకపోవడం. దాత నోటిమాటగా ఇచ్చినదానికి యాజమాన్య బదిలీ పత్రం లేకపోవడం. ఈ చివరిదే అన్నిటికంటే ప్రమాదం. వారసులు వచ్చి అడిగితే చేతిలో ఏమీ ఉండదు.

తైలవర్ణం
నంబరు ఎక్కడ రాయాలో కూడా చెప్పేస్తే మంచిది. కాగితం మీది బొమ్మకు వెనకవైపు, కింది మూలన, మెత్తటి పెన్సిల్‌తో నొక్కకుండా. నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. కాన్వాస్‌కైతే గుడ్డ మీద రాయొద్దు, వెనకున్న చెక్క చట్రం మీద రాయాలి. లోహం, రాయి, కాల్చిన మట్టి అయితే ముందు పారలాయిడ్ బీ-72 (పారదర్శకమైన ఒక రకం వార్నిష్) పూత, ఆరాక దానిమీద సిరా, ఆపైన మళ్లీ పూత. అసిటోన్‌తో తుడిస్తే వచ్చేస్తుంది, వస్తువుకు మచ్చ పడదు. బాల్‌పెన్, మార్కర్, అంటించే టేపు మాత్రం వద్దే వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది, ఆ తర్వాత తీయడం పునరుద్ధరణ నిపుణుల వల్ల కూడా పూర్తిగా కాదు.

గోడమేకు
చాలా ఉపయోగపడే సమాచారం అండీ. వెలుతురు, తేమ లెక్కలు కూడా అడుగుతారని విన్నాను. ఎంత వివరంగా ఉండాలి?

నీలిఉన్ని
ఇది నా విషయం, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వెలుతురుకి రెండు లెక్కలుంటాయి. ఒకటి ఆ క్షణంలో బొమ్మ మీద పడే లక్స్, అంటే వెలుతురు కొలత. రెండోది ఏడాది మొత్తానికి పోగయ్యే లక్స్-గంటలు. చాలా దరఖాస్తుల్లో మొదటిదే రాస్తారు. బొమ్మను చెరిపేది రెండోది. అంతర్జాతీయ కాంతి సంఘం 2004 నివేదిక ప్రకారం నీటిరంగులు, పేస్టల్, ప్రింట్లు, వస్త్రాలకు 50 లక్స్, ఏడాదికి 1,50,000 లక్స్-గంటలు. తైలవర్ణాలకు 200 లక్స్, 6,00,000 లక్స్-గంటలు. పట్టు, త్వరగా వెలిసే రంగులు, న్యూస్‌ప్రింట్ లాంటివాటికి అదే 50 లక్స్, కానీ ఏడాదికి 15,000 మాత్రమే.

లెక్క వేయండి. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు, 50 లక్స్: 1,20,000. పరిమితి లోపలే ఉంది. కానీ పొద్దున ఊడ్చేవాళ్లు, సాయంత్రం తాళం వేసేవాళ్లు కలిపి ఇంకో రెండు గంటలు అవే దీపాలు వేసి ఉంచితే 1,50,000. సరిగ్గా గీత మీద నిలబడ్డట్టు! అందుకే శుభ్రం చేయడానికి వేరే దీపాల సర్క్యూట్ పెట్టుకోవాలి. అది ఉందని చెప్పే ఒక్క వాక్యం మదింపు బృందానికి పది పేజీల విధానపత్రం కంటే ఎక్కువ చెబుతుంది.

15,000 జాబితాలో ఉన్నవాటికి రోజుకు 400 లక్స్-గంటలు ఖర్చయితే 37 రోజుల్లో ఏడాది కోటా అయిపోతుంది. అలాంటి బొమ్మ మూడు నెలల ప్రదర్శన అంతటా గోడ మీదే ఉందని దరఖాస్తులో గర్వంగా రాసుకుంటే, తెలిసినవాడు అక్కడే పట్టుకుంటాడు. ప్రదర్శన మధ్యలో బొమ్మ మార్చండి, లేదా తెర వేసి, చూసేవాళ్లే తీసి చూసుకునేలా పెట్టండి.

లక్స్ మీటర్ పట్టుకునే పద్ధతి కూడా ముఖ్యం. సెన్సర్‌ను బొమ్మ ఉపరితలానికి సమాంతరంగా, దీపం వైపు కాకుండా గది వైపు చూసేలా పెట్టాలి. నాలుగు మూలలు, మధ్య కలిపి అయిదు చోట్ల కొలిచి, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్ని రాసుకోవాలి. సగటు రాయొద్దు. స్పాట్‌లైట్ మధ్యలో 120, మూలల్లో 20 ఉన్నా సగటు అందంగా కనిపిస్తుంది, మధ్యలో రంగు మాత్రం వెలిసిపోతూనే ఉంటుంది.

వెలుగునీడ
తేమ విషయంలో మాత్రం పాత పద్ధతే భద్రం. 50 శాతం, అటూ ఇటూ 5. అరువిచ్చేవాళ్లు ఇప్పటికీ అదే అడుగుతారు.

నీలిఉన్ని
కొందరు అడుగుతారు, నిజమే. కానీ పెద్ద మ్యూజియంల డైరెక్టర్లున్న బిజో గ్రూపే పర్యావరణ నియమావళిలో ఆ పట్టు సడలించింది. చాలారకాల వస్తువులకు తేమ 40 నుంచి 60 శాతం, ఉష్ణోగ్రత 16 నుంచి 25 డిగ్రీలు, 24 గంటల్లో హెచ్చుతగ్గులు 10 శాతానికి మించకుండా. చెక్కపలక మీది చిత్రాలు, తోలుకాగితం, ఏనుగుదంతం లాంటివాటికి మళ్లీ గట్టి షరతులే.

చిన్న గ్యాలరీ 50కి అటూ ఇటూ 5 అని విధానంలో రాసుకుని, లాగర్ (తేమను దానంతటదే నమోదు చేసే పరికరం) గ్రాఫులో 44, 58 చూపిస్తే, తన నియమాన్ని తానే తప్పినట్టు కాగితం మీద రుజువు చేసుకున్నట్టే. నిలబెట్టుకోగల పరిధి రాసుకోవడం తెలివి. దాటిన రోజు ఏం చేశారో ఆ గ్రాఫు మీదే రాసి ఉంచడం అంతకంటే తెలివి. లాగర్ 15 నిమిషాలకోసారి నమోదు చేస్తే చాలు. 65 శాతం పైన కొన్నాళ్లు నిలిచిందంటే బూజు మాట మొదలవుతుంది, అది దాచితే దాగేది కాదు.

ఇంకోటి, ఏడాదంతా గీత గీసినట్టు ఉన్న గ్రాఫును ఎవరూ నమ్మరు. లాగర్‌ను ఏసీ గదిలో డ్రాయర్‌లో పెట్టారనుకుంటారు.

వెలుగునీడ
చెక్కపలక చిత్రాలకు గట్టి షరతులే అని మీరే ఒప్పుకున్నారు కాబట్టి నేను ఊరుకుంటాను. అద్దాల పెట్టెల విషయంలో ఒక చేర్పు: పెట్టె లోపల తేమ నిలకడగా ఉంచడానికి మామూలు సిలికా జెల్ అయితే ఘనమీటరుకు దాదాపు 20 కిలోలు అన్నది పాత నియమం. ఒక సంచి వేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. పెట్టె అడుగు ఎండీఎఫ్‌తో (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే పలక) చేయించి లోపల కొత్తగా పెయింట్ వేయిస్తే, ఆమ్లపు ఆవిర్లు అందులోనే చిక్కుకుని సీసం వస్తువుల మీద తెల్లటి పొడి పుట్టిస్తాయి.

సందర్శక్
ఇక జ్యూరీ మొట్టమొదట చూసే అంకె, సందర్శకుల సంఖ్య. ఇది దాదాపు ప్రతిచోటా తప్పే.

ద్వారం దగ్గర కిరణం తెగితే లెక్కించే యంత్రం లోపలికొచ్చినవాళ్లనీ బయటికెళ్లినవాళ్లనీ రెండుసార్లు లెక్కేస్తుంది, కాబట్టి సగం చేయాలి. సిబ్బంది, కొరియర్లు, టాయిలెట్ కోసం వచ్చినవాళ్లు కూడా అందులోనే ఉంటారు. ఇంకోవైపు పక్కపక్కన నడిచే ఇద్దరిని ఒకరిగా లెక్కిస్తుంది. బడి పిల్లలు గుంపుగా వస్తే మరీ తక్కువ చూపిస్తుంది. అంటే తప్పు రెండు దిక్కులా ఉంటుంది, ఒకటి ఇంకోదాన్ని సరిచేస్తుందిలే అనుకుని వదిలేయడానికి లేదు.

సరిచేసే పద్ధతి తేలికే. రద్దీ లేని రోజు ఒక గంట, రద్దీ రోజు ఒక గంట, ఒక మనిషిని నిలబెట్టి చేత్తో లెక్కించండి. చేతిలెక్క 180, యంత్రం సగం చేశాక 150 అనుకుంటే గుణకం 1.2. రెండు రోజుల గుణకాలూ వేరువేరుగా ఉంటాయి, రెండూ రాసిపెట్టుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ చేయండి. దరఖాస్తులో అంకె పక్కనే ఎలా లెక్కించారో ఒక్క వాక్యం రాయండి.

ఏడాది మధ్యలో యంత్రం మార్చారా? అయితే పోయినేడాదితో పోల్చి ‘40 శాతం పెరిగింది’ అని రాయకండి. పెరిగింది సందర్శకులు కాదు, యంత్రం చూపు. అలాంటి గెంతు కనబడగానే జ్యూరీలో ఎవరో ఒకరు అడిగేది ఇదే.

ఖాళీఫ్రేము
దరఖాస్తు రాయడం మీద ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను.

జ్యూరీ సభ్యుడి ముందు పదుల దరఖాస్తులుంటాయి. మొదటి మూడు వాక్యాల్లో ఏం చేశారు, ఎవరికోసం, ఏం మారింది అన్నది లేకపోతే మిగతాది పైపైనే చదువుతారు. ‘వినూత్న’, ‘సమ్మిళిత’, ‘ప్రపంచస్థాయి’ లాంటి మాటలు కొట్టేసి చూడండి. వాక్యం నిలబడితే ఆ మాటలు అక్కర్లేదు. కూలిపోతే అందులో విషయమే లేదు.

500 పదాల పరిమితి ఉంటే నా వాటా ఇది: నేపథ్యానికి 60 మించకూడదు, చేసిన పనికి 200, ఫలితానికీ ఆధారాలకీ 180, మిగిలింది తర్వాతి ప్రణాళికకు. చాలామంది 250 పదాలు గ్యాలరీ చరిత్రకే పోస్తారు. వ్యవస్థాపకుల పేర్లు, భవనం కట్టిన ఏడు, ప్రారంభానికి ఎవరొచ్చారు... జ్యూరీకి అవేవీ అక్కర్లేదు.

మీరు చెప్పుకునే ప్రతి మాటకూ పక్కన ఆధారం నంబరు వేయండి. ‘చూపులేనివారికి ప్రదర్శన అందుబాటులోకి తెచ్చాం’ అన్నారనుకోండి, ఎన్ని బొమ్మలకు స్పర్శ నమూనాలు చేశారు, ఎన్ని సందర్శనలు జరిగాయి, వచ్చినవాళ్లు చెప్పాక ఏం మార్చారు అన్నవి అనుబంధంలో ఉండాలి. ఈ చివరి ముక్కకే మార్కులు ఎక్కువ. విమర్శ తీసుకుని మార్చిన ఒక లేబుల్, ముందూ తర్వాతా ఫొటోలతో పెడితే, సిఫారసు లేఖల కట్ట కంటే బాగా పనిచేస్తుంది.

లేబుల్స్ సంగతి వచ్చింది కనుక: ఒక్కో బొమ్మకు 50–75 పదాలు, అక్షరం 18 పాయింట్లకు తగ్గకుండా, మెరవని కాగితం. మదింపుకి వచ్చినవాళ్లు చక్రాల కుర్చీ ఎత్తు నుంచి చదివి చూస్తే ఆశ్చర్యపోకండి.

గోడమేకు
మా బోర్డు సభ్యులకు మొదటి పేరా చూపిస్తే గొడవే, భవనం చరిత్ర లేకుండా ఒప్పుకోరు! సరే. ఇక మూడో రకం, గ్యాలరీ ఇచ్చే బహుమతి. దాని నియమాల్లో ఏవి తప్పక ఉండాలి?

తైలవర్ణం
నియమాలు వదులుగా రాస్తే ఏమవుతుందో చెప్పడానికి పాఠ్యపుస్తకంలాంటి కేసు ఆర్చిబాల్డ్ బహుమతిది. ఆస్ట్రేలియాలో 1921 నుంచి ఇస్తున్న పోర్ట్రెయిట్ బహుమతి అది. 1943 బహుమతి విలియం డోబెల్ వేసిన జాషువా స్మిత్ చిత్రానికి ఇచ్చారు. ఓడిన ఇద్దరు కళాకారులు అది పోర్ట్రెయిట్ కాదు, వ్యంగ్యచిత్రమని కోర్టుకెళ్లారు. 1944లో కోర్టు అవార్డును సమర్థించింది. కానీ ‘పోర్ట్రెయిట్’ అంటే ఏమిటో న్యాయమూర్తి ముందు వాదించుకోవాల్సి వచ్చింది. అందుకే బహుమతి ఏ ప్రక్రియకో ఆ ప్రక్రియను నిర్వచించండి. ఫొటో మీద రంగులు వేస్తే చిత్రమా? కంప్యూటర్ సృష్టించిన బొమ్మ అచ్చువేస్తే ప్రింటా? ముందే రాసుకోవాలి.

తప్పనిసరిగా ఉండాల్సిన ఇంకో నియమం: గెలిచిన కృతి గ్యాలరీ సొంతమవుతుందా లేదా? అవుతుందంటే దాన్ని అక్విజిటివ్ బహుమతి అంటారు. ప్రాంతీయ గ్యాలరీలకు ఇది సేకరణ పెంచుకునే మంచి మార్గం. కానీ ఇచ్చే డబ్బు బహుమతా, కృతి ఖరీదా అన్నది స్పష్టంగా ఉండాలి. బహుమతి కంటే కృతి వెల ఎక్కువైతే మంచి కళాకారులు పంపరు. అందుకని కృతి వెలకు ఒక పరిమితి పెట్టుకుంటారు. యాజమాన్యం బదిలీ అయినా కాపీరైట్ కళాకారుడి దగ్గరే ఉంటుంది. గ్యాలరీకి కావాల్సింది కేటలాగు, ప్రచారం, విద్యా అవసరాల కోసం ఒక నిర్దిష్ట అనుమతి. ‘పంపిన ప్రతి బొమ్మ మీదా సర్వహక్కులూ గ్యాలరీవే’ అని రాసిన నియమావళి కనిపిస్తే అనుభవం ఉన్న కళాకారులు అక్కడితో చదవడం ఆపేస్తారు.

చిట్టాపద్దు
దానికి తోడు: గెలిచిన కృతి సేకరణలో చేరాలంటే సేకరణ విధానానికి సరిపడాలి. మూడు మీటర్ల ఐస్ శిల్పం గెలిస్తే ఏం చేస్తారు? ‘గ్యాలరీ తీసుకోలేని పక్షంలో బహుమతి మాత్రం ఇస్తుంది’ అన్న వాక్యం ఒకటి పెట్టుకోండి.

ఖాళీఫ్రేము
జ్యూరీ నడిపే తీరు. మొదటి వడపోత ఫొటోలతోనే జరుగుతుంది కాబట్టి ఫొటో నిబంధన ఖచ్చితంగా ఉండాలి: జేపెగ్, ఎస్‌ఆర్‌జీబీ రంగుల ప్రొఫైల్, పొడుగువైపు కనీసం 2,000 పిక్సెళ్లు, ఫ్రేమ్ లేకుండా బొమ్మ అంచుల దాకా, అదనంగా ఫ్రేమ్‌తో ఒకటి. ఫైలు పేరులో కళాకారుడి పేరు వద్దు, దరఖాస్తు నంబరే. లేదంటే పేరు దాచామన్న మాటే ఉత్తిది. బొమ్మ మీది సంతకం ఎలాగూ కనిపిస్తుంది, దాన్ని చెరపమనొద్దు.

అందరికీ ఒకే వరసలో చూపించకండి. మూడొందల బొమ్మలు చూసేవాడికి మొదటి యాభైకి ఉండే ఓపిక చివరి యాభైకి ఉండదు. ఒక్కో సభ్యుడికి వరస మార్చి ఇవ్వాలి. సగటు మార్కులకే వదిలేయకండి. ఒకరు 9, ఇంకొకరు 2 వేసిన బొమ్మ, ఇద్దరూ 5.5 వేసిన బొమ్మ సగటులో సమానం, కానీ మొదటిదాని గురించి కూర్చుని మాట్లాడాలి. మార్కుల మధ్య ఎక్కువ తేడా ఉన్నవాటిని వేరే జాబితా చేసి చర్చకు పెట్టండి. అసలు మంచి బొమ్మలు ఆ జాబితాలోనే దొరుకుతాయని నా నమ్మకం.

బంధుత్వం, గురుశిష్య సంబంధం, అమ్మకపు ఒప్పందం ఉన్న సభ్యుడు ఆ బొమ్మ వచ్చినప్పుడు గది బయటికి వెళ్లాలి. ‘ఓటు వేయలేదు’ అంటే చాలదు. కూర్చుని ఉంటే మిగతావాళ్లు ఆయన మొహం చూసి ఓటేస్తారు. ఎవరు ఎప్పుడు బయటికి వెళ్లారో మినిట్స్‌లో రాయాలి.

పెట్టెలమోత
మోసేవాడి తరఫున నాలుగు మాటలు. కొలతలు ఫ్రేమ్‌తో కలిపి, ఎత్తు ముందు, వెడల్పు తర్వాత, సెంటీమీటర్లలో అడగండి. ఇంచులూ సెంటీమీటర్లూ కలగలిపి రాసినవే ప్రతిసారీ గోడ మీద పట్టవు. మీ తలుపుల్లో అన్నిటికంటే ఇరుకైనది కొలిచి, అంతకంటే 10 సెం.మీ. తక్కువనే గరిష్ఠ పరిమాణంగా పెట్టండి, ప్యాకింగ్ మందం ఉంటుంది కదా.

వేలాడదీయడానికి రెండు డీ-రింగులు (ఫ్రేమ్ వెనక స్క్రూతో బిగించే డీ ఆకారపు రింగులు) తప్పనిసరి. పైనుంచి మూడో వంతు దగ్గర, రెండువైపులా ఒకే ఎత్తులో. రంపపు పళ్ల హుక్కులు, దారాలు తీసుకోం అని నియమంలోనే రాసేయండి. బొమ్మ మధ్యరేఖ నేల నుంచి 145–150 సెం.మీ. దగ్గర పెడితే రకరకాల సైజులున్నా గోడ చూడ్డానికి కుదురుగా ఉంటుంది.

పోటీకి వచ్చే తైలవర్ణాలు సగం పచ్చిగానే ఉంటాయి, గడువు రోజు దాకా వేస్తారు మరి. బబుల్‌ర్యాప్ నేరుగా రంగుకి తగిలితే గుండ్రటి ముద్రలు పడతాయి, అవి పోవు. నాలుగు మూలలకీ అట్ట కోణాలు పెట్టి, ప్లాస్టిక్ ఉపరితలానికి తగలకుండా కట్టాలి. బుడగలు బయటివైపు ఉండాలి.

రాగానే కట్టు విప్పినవాళ్లే, కళాకారుడో కొరియరో ఇంకా అక్కడుండగానే పరిస్థితి నివేదిక రాయాలి. ముందు, వెనక, నాలుగు మూలలు, పక్కనుంచి వాలుగా టార్చ్ వేసి ఒక ఫొటో. వాలు వెలుతుర్లో పగుళ్లు, లేచిన పెచ్చులు, నొక్కుళ్లు ఇట్టే కనిపిస్తాయి. తర్వాత ‘ఇది మీ దగ్గరే అయింది’ అన్న గొడవ అక్కడితో తేలిపోతుంది. బీమా గోడ నుంచి గోడ వరకు, అంటే కళాకారుడి గోడ నుంచి తీసి తిరిగి అక్కడ పెట్టేదాకా ఉందా, లేక గ్యాలరీ తలుపు లోపల మాత్రమేనా అన్నది దరఖాస్తు ఫారంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

తిరిగి తీసుకెళ్లని బొమ్మలకు గడువు, ఆ తర్వాత ఏం చేస్తారు అన్నది కూడా. ఇది రాయని గ్యాలరీల మెట్ల కింద ఎవరివో తెలియని బొమ్మలు పేరుకుపోయి ఉంటాయి. చిట్టాపద్దు గారు చెప్పిన అనాథలు అక్కడినుంచే పుడతాయి.

చిట్టాపద్దు
నూటికి నూరు పాళ్లు నిజం.

సందర్శక్
అవార్డు వచ్చాక పని గురించి కూడా. లోగో ఎంతకాలం వాడొచ్చు, ‘విజేత’, ‘తుది జాబితా’ అన్న మాటల్లో ఏది వాడొచ్చు అన్నది అవార్డు షరతుల్లో ఉంటుంది. తుది జాబితాకు చేరి పోస్టర్ మీద విజేత అని వేస్తే తర్వాతి ఏడు తలుపు మూసుకుంటుంది. అక్రిడిటేషన్‌కి గడువుంటుంది, మళ్లీ మదింపు ఉంటుంది. గడువు దాటిన పాత సర్టిఫికెట్‌ని గోడ మీంచి తీసేయని గ్యాలరీలు బోలెడు. ప్రకటన వచ్చిన వారాల్లో జనం ఒక్కసారిగా పెరుగుతారు. ఒక్కో గదిలో ఒకేసారి ఎంతమంది అన్నది ముందే తేల్చుకోకపోతే వాళ్ల ఊపిరితోనే తేమ ఎక్కుతుంది, నీలిఉన్ని గారి గ్రాఫు చెడుతుంది.

నీలిఉన్ని
నా గ్రాఫు సరే, ముందు ఆ సర్టిఫికెట్‌ని కాపాడండి. ఇంక్‌జెట్ ప్రింటు, రంగు సిరా సంతకం, పెట్టేదేమో ఎండ నేరుగా పడే ప్రవేశద్వారం పక్కన. సంతకమే ముందు పోతుంది. గోడకి నకలు పెట్టి అసలు ఫైల్లో పెట్టండి.

గోడమేకు
అవార్డు రాకపోతే? జ్యూరీని ఎందుకని అడగొచ్చా?

ఖాళీఫ్రేము
అడగాలి. చాలా అవార్డులు అడిగినవాళ్లకే అభిప్రాయం చెబుతాయి. ‘మేమెందుకు గెలవలేదు’ అని అడిగితే మర్యాద మాటలొస్తాయి. ‘ఏ విభాగంలో ఆధారం చాలలేదు’ అని అడిగితే పనికొచ్చే జవాబొస్తుంది. ఆ జవాబును మరుసటేడు దరఖాస్తులో ‘గత అభిప్రాయం తర్వాత మార్చినవి’ అని పెట్టుకోవచ్చు.

గోడమేకు
చివరి ప్రశ్న. మా దగ్గరున్న తేమ లాగర్లు మూడూ మూడు రకాలుగా చూపిస్తున్నాయి, ఒకే గదిలో. కొత్తవి కొనాలా?

నీలిఉన్ని
కొనేముందు ఉప్పు పరీక్ష చేయండి. మూత గట్టిగా పట్టే పారదర్శక డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, అందులో మామూలు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీళ్లు కలపండి. ఉప్పు మొత్తం కరిగిపోతే పనిచేయదు, కరగని ఉప్పు పైకి కనిపిస్తూ ఉండాలి. లాగర్లు మూడూ పక్కన పెట్టి, నీళ్లు తగలకుండా చూసి, మూత పెట్టి, ఉష్ణోగ్రత మారని చోట 24 గంటలు వదిలేయండి. మామూలు గది ఉష్ణోగ్రతలో లోపలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. లాగర్ 71 చూపిస్తే ఆ స్థాయిలో దానికి 4 కలపాలి. ఆ సవరణను, తేదీని లాగర్ వెనక రాసి అంటించండి. 75 నుంచి మరీ దూరంగా చూపించేదాన్ని, లేదా రెండోసారి చేస్తే వేరే అంకె చూపించేదాన్ని మాత్రమే పక్కన పెట్టండి. పరీక్ష చేసిన చిట్టీ పారేయొద్దు, దరఖాస్తు అనుబంధంలో గ్రాఫు వెనకే జతచేయండి.

గోడమేకు
మూడూ డబ్బాలో పెట్టేశాం అండీ. రేపు చూసి అంకెలు ఇక్కడే పెడతాను.